చూసిన పిట్టను లెక్కలోకి ఎక్కించడం ఎలా?

చెరువు గట్టు మీద రెండు గంటలు తిరిగొచ్చాక నోటుబుక్కులో ‘పాలపిట్ట 2, లకుముకి 1, కొంగలు చాలా’ అని మాత్రమే ఉంటే, ఆరు నెలలు గడిచేసరికి ఆ పేజీ రాసినవాళ్లకే అర్థం కాదు. ఏ లకుముకి? మన చెరువుల దగ్గర తెల్లరొమ్ముది, చిన్న నీలిది, నలుపు తెలుపుది మూడూ తిరుగుతాయి. చాలా అంటే ముప్పయ్యా, మూడు వందలా? కాకులు కనిపించలేదా, లేక కాకుల్ని ఎవరు రాస్తారులే అని వదిలేశారా?

పిట్ట పేరొక్కటే రికార్డు కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు వెతికారు, ఎంత దూరం నడిచారు, గుర్తుపట్టినవన్నీ రాశారా లేదా అన్నవి కూడా కలిస్తేనే రికార్డు. సాఫ్ట్‌వేర్ చేసే మేలు ముఖ్యంగా ఇదే: మీరు మర్చిపోయే ఈ ప్రశ్నల్ని అది ప్రతిసారీ అడుగుతుంది. జవాబులు బద్ధకించి ఇస్తే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా పాత నోటుబుక్కుతో సమానమే.

ఇక్కడ చెప్పే పద్ధతిలో రెండు భాగాలుంటాయి. బయట రాసేది, అందరితో పంచుకునేది ఈబర్డ్ అనే పక్షుల లిస్టుల వెబ్‌సైట్‌లో, దాని యాప్‌లో. ఇంట్లో మీ సొంతానికి విశ్లేషించుకునేది లిబ్రెఆఫీస్ క్యాల్క్ లాంటి స్ప్రెడ్‌షీట్‌లో. రెండూ ఉచితమే. ఈబర్డ్‌ను కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టాయి. మన దేశంలో దాని బాగోగులు బర్డ్ కౌంట్ ఇండియా బృందం చూస్తుంది. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసింది, ముప్పై వేలమందికి పైగా పక్షిప్రియులు ఈబర్డ్‌లో నమోదు చేసిన దాదాపు 3 కోట్ల రికార్డుల ఆధారంగానే. మీ ఊరి చెరువు లిస్టు వెళ్లి చేరేది అలాంటి లెక్కలోకే.

బయల్దేరే ముందు

ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి ముందుగా ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లండి. పక్షుల పేర్ల భాష దగ్గర ‘ఇంగ్లీష్ (ఇండియా)’ ఎంచుకోండి. పేర్లు చూపించే పద్ధతిలో మామూలు పేరు, శాస్త్రీయ నామం రెండూ కనిపించేలా పెట్టుకోండి. తెలుగు పేర్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. కానీ ఒక జిల్లాలో పసుల పోలిగాడు అనేదాన్ని పక్క జిల్లాలో ఏట్రింత అంటారు. ‘కొంగ’ అన్న ఒక్క మాట కింద పదిహేను రకాలు నిలబడతాయి. తెలుగు పేరుకు మీ సొంత షీట్‌లో వేరే గడి ఇద్దాం. జాతిని గుర్తించే తాళంచెవి మాత్రం శాస్త్రీయ నామమే కావాలి.

ఫోన్‌లో ఈబర్డ్ మొబైల్ యాప్ వేసుకుని మీ ప్రాంతానికి సంబంధించిన ప్యాక్‌ను ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోండి. అది ఉంటే సిగ్నల్ లేనిచోట కూడా ఆ ప్రాంతంలో, ఆ నెలలో వచ్చే అవకాశమున్న పక్షుల జాబితా తెరుచుకుంటుంది. కొల్లేటి గట్ల మీద, నల్లమల లోపల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. లిస్టు ఫోన్‌లోనే భద్రంగా ఉంటుంది, ఇంటికొచ్చాక పంపవచ్చు.

కెమెరా తీసుకెళ్తే దాని గడియారం ఫోన్ టైముతో సరిపోయిందో లేదో చూడండి. సరిచేసే తీరిక లేకపోతే ఫోన్ తెరమీద గడియారాన్ని కెమెరాతో ఒక ఫొటో తీయండి. తేడా ఎంతో ఆ ఒక్క ఫొటో నుంచే తర్వాత తెలుస్తుంది.

లిస్టు మొదలుపెట్టడం

చూడటం మొదలుపెట్టిన క్షణంలోనే యాప్‌లో స్టార్ట్ నొక్కండి. బండి దిగినప్పుడో, టీ తాగుతున్నప్పుడో కాదు. ట్రాక్ ఆన్ చేసి ఉంచితే సమయం, దూరం అదే లెక్కపెట్టుకుంటుంది.

లిస్టు ఏ పద్ధతి కిందికి వస్తుందో తెలుసుకోండి. ఒకేచోట నిలబడి, 30 మీటర్లకు మించి కదలకుండా చూస్తే స్టేషనరీ. అంతకన్నా ఎక్కువ నడిస్తే ట్రావెలింగ్. పక్షులకోసం కాకుండా వేరే పనిమీద పోతూ బస్సు కిటికీలోంచి పాలపిట్టను చూస్తే ఇన్సిడెంటల్. పక్షులకోసమే వెళ్లారుగానీ టైమో దూరమో గుర్తులేదు, అది పాత పర్యటన అయితే హిస్టారికల్. టైము తెలియని పాత లిస్టుకు ‘సుమారు గంట’ అని ఊహించి స్టేషనరీలో వేయడం చాలామంది చేసే తప్పు. తెలియనిది తెలియదనే పద్ధతిలోనే పెట్టాలి.

ట్రావెలింగ్‌లో దూరం దగ్గర ఒక మెలిక ఉంది. గట్టు మీద కిలోమీటరు వెళ్లి అదే దారిన వెనక్కొస్తే ట్రాక్ 2 కిలోమీటర్లు చూపిస్తుంది. ఈబర్డ్‌కు కావలసింది కొత్తగా చూసిన దారి పొడవు, అంటే 1. పంపే ముందు ఆ అంకెను చేత్తో సరిచేయండి. వెనక్కొచ్చేటప్పుడు కనిపించిన అవే పక్షుల్ని మళ్లీ కలపకండి. చెరువు చుట్టూ తిరిగి మొదటిచోటికే వేరే దారిన వస్తే మొత్తం దూరం రాయవచ్చు.

ఒక లిస్టు 15 నిమిషాల నుంచి గంట వరకు ఉంటే మంచిది. దూరం 8 కిలోమీటర్లు దాటితే ఆ లిస్టు ఎక్కడిదో చెప్పడం కష్టమవుతుంది. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా ఒకే లిస్టు నడిపేకన్నా, తావు మారినప్పుడల్లా ఆపి కొత్తది మొదలుపెట్టండి. పొలం, చెరువు, తుమ్మల అడవి మూడూ ఒకే లిస్టులో కలిసిపోతే తీతువు ఎక్కడిది, గిజిగాడు ఎక్కడిది అన్నది ఎవరికీ తేలదు.

స్థలం అడిగినప్పుడు ముందు దగ్గర్లో హాట్‌స్పాట్, అంటే అందరూ ఒకే పేరుతో వాడే పక్షుల చోటు, ఉందేమో చూడండి. అమీన్‌పూర్ చెరువు, ఆటపాక, ఉప్పలపాడు, నేలపట్టు లాంటివి ఇప్పటికే హాట్‌స్పాట్లుగా ఉంటాయి. అదే ఎంచుకుంటే మీ లిస్టు ఆ చోటి మొత్తం లెక్కలో కలుస్తుంది. ప్రతిసారీ కొత్త చుక్క పెట్టి ‘ఆటపాక గేటు’, ‘ఆటపాక2’, ‘కొల్లేరు’ అని పేర్లు పెడితే ఏడాదికల్లా మీ ఖాతాలో ఒకే చోటికి పదిహేను పేర్లు తేలతాయి. హాట్‌స్పాట్ లేని మీ సొంత పెరడు, ఊరి కుంట లాంటివాటికి ఒక్క పేరు పెట్టి, ఎప్పుడూ దాన్నే వాడండి. ఊరు, మండలం కలిపి రాస్తే ఇంకా మేలు. రామాపురం అనే ఊళ్లు మనకు లెక్కలేనన్ని.

పేర్లు ఎక్కించడం, లెక్కపెట్టడం

యాప్‌లో పూర్తిపేరు టైపు చేయనక్కర్లేదు. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో చేసిన నాలుగక్షరాల పొట్టిపేరు చాలు. రెండు మాటల పేరైతే ఒక్కో మాటలోంచి రెండేసి అక్షరాలు: హౌస్ క్రోకి హెచ్, ఓ, సీ, ఆర్. రెడ్-వెంటెడ్ బుల్‌బుల్ లాంటి మూడు మాటల పేరైతే మొదటి రెండింటికీ ఒక్కొక్కటి, చివరిదానికి రెండు: ఆర్, వీ, బీ, యూ. ముందు అంకె కొట్టి, ఖాళీ వదిలి, పొట్టిపేరు కొడితే సంఖ్యతో సహా ఎక్కుతుంది. వారం రోజుల్లో వేళ్లకు అలవాటైపోతుంది.

సంఖ్య బదులు ‘ఎక్స్’ అక్షరం పెట్టడానికి ఈబర్డ్ ఒప్పుకుంటుంది. ఉంది, ఎన్నో తెలియదు అని దానర్థం. దాని జోలికి వీలైనంత తక్కువ వెళ్లండి. సుమారు అంకె కూడా ఎక్స్ కన్నా వెయ్యిరెట్లు నయం. పెద్ద గుంపును ఇలా లెక్కించాలి: ఒక మూల 20 పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. అవి ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకోండి. ఆ ముక్క మొత్తం గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. 17 ముక్కలు పడితే 340. గుంపు నడుమ ఒత్తుగా, అంచుల్లో పలచగా ఉంటే రెండు చోట్లా వేరువేరుగా చేయాలి. ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే కాలంలో పక్షుల సంఖ్యను అంకెల గడిలో, గూళ్ల సంఖ్యను ఆ జాతి వ్యాఖ్యలో రాయండి. రెండింటినీ కూడి ఒకే గడిలో వేస్తే దాన్ని తర్వాత ఎవరూ విడదీయలేరు.

గుంపులోంచి కొన్ని లేచి అటు వెళ్లి మళ్లీ ఇటు వస్తుంటే ప్రతిసారీ కూడుతూ పోకండి. ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్య తీసుకోండి.

జాతి తేలకపోతే ఊహించకండి. ఈబర్డ్‌లో ‘ఈ రెండింట్లో ఏదో ఒకటి’ అనే జంట పేర్లు, ‘ఫలానా రకం’ అని ముగిసే పేర్లు ఇందుకే ఉన్నాయి. దూరాన బురదలో పరుగెత్తిన చిన్న ఉల్లంకి లిటిల్ స్టింటో టెమ్మింక్స్ స్టింటో తేలకపోతే జంట పేరే నిజాయితీ.

మెర్లిన్ యాప్‌లోని సౌండ్ ఐడీ గురించి కూడా ఒక మాట. అది కూత విని పేరు సూచిస్తుంది, నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ తెరమీద వెలిగిన ప్రతి పేరునూ లిస్టులోకి దించకండి. ఏట్రింత ఇతర పక్షుల కూతల్ని అనుకరిస్తుంది. పెద్ద నల్లంచి కూడా తక్కువదేం కాదు. యాప్ పేరు చెప్పాక మీ చెవితో విని, వీలైతే కంటితో చూసి, అప్పుడు రాయండి.

‘గుర్తుపట్టినవన్నీ రాశారా?’

పంపే ముందు ఈబర్డ్ ఈ ప్రశ్న అడుగుతుంది. లిస్టు విలువ మొత్తం ఈ జవాబు మీదే నిలబడుతుంది, ఎక్కువమంది తడబడేదీ ఇక్కడే.

ఔను అంటే అర్థం: నేను గుర్తుపట్టగలిగిన జాతుల్లో దేన్నీ కావాలని వదల్లేదు. కాకి, గోరువంక, పావురం అన్నీ ఉన్నాయి. ఒక పిట్టను గుర్తుపట్టలేకపోయినా జవాబు ఔనే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పది జాతులే తెలిసినా, ఆ పదీ నిజాయితీగా రాస్తే ఔను అనవచ్చు. కాకుల్ని విసుగుతో వదిలేసి విశేషమైనవి మాత్రమే రాస్తే కాదు అనాలి.

ఇదెందుకంటే, పూర్తి లిస్టులో లేని పక్షి కూడా ఒక సమాచారమే. వంద పూర్తి లిస్టుల్లో ఊరపిచ్చుక నలభైలో ఉందంటే మిగతా అరవైలో కనిపించలేదని తెలుస్తుంది. పిచ్చుకలు తగ్గాయా పెరిగాయా అన్నది ఏళ్ల తరబడి ఈ నిష్పత్తిని పోల్చి చూస్తేనే చెప్పగలరు. విశేషాల లిస్టు నుంచి ఆ లెక్క రాదు. అందుకే ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఒకేచోట కనీసం 15 నిమిషాలు చూసి అన్నీ రాయమంటారు.

నలుగురు కలిసి వెళ్తే ఒక్కరే లిస్టు నడిపి, పంపాక మిగతావాళ్లతో షేర్ చేయాలి. నలుగురూ నాలుగు లిస్టులు విడిగా పంపితే అవే 340 గూడబాతులు 1,360 అవుతాయి. షేర్ చేసిన కాపీలో ఎవరికివారు తాము చూడనిది తీసేసుకోవచ్చు. పరిశీలకుల సంఖ్య దగ్గర 4 వేయడం మర్చిపోకండి.

అరుదైనది రాస్తే

ఆ చోట, ఆ నెలలో మామూలుగా ఉండని జాతి రాసినా, మామూలుకు మించిన సంఖ్య వేసినా ఈబర్డ్ వివరం అడుగుతుంది. దీన్ని అవమానంగా తీసుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి వేలు జారి 15 బదులు 155 కొట్టినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఈ జల్లెడే. దాటాక స్థానికంగా పక్షులు తెలిసిన స్వచ్ఛంద సమీక్షకులు చూస్తారు, అవసరమైతే మెయిల్ రాస్తారు.

వివరంలో ‘స్పష్టంగా చూశాను, అదే’ అని రాస్తే ఉపయోగం లేదు. ఏమేం చూశారో, దాన్ని పోలిన మరో జాతి ఎందుకు కాదో రాయాలి. పులికాట్‌లో రాజహంసల గుంపు మధ్య లెస్సర్ ఫ్లెమింగో కనిపించిందనుకోండి. ‘పక్కనున్న గ్రేటర్‌ల కంటే బాగా పొట్టి. ముక్కు మొత్తం ముదురెరుపు, దూరానికి నల్లగా కనిపించింది. గ్రేటర్‌కు ఉండే లేత గులాబీ ముక్కు దీనికి లేదు. 60 మీటర్ల దూరం, వెలుతురు నా వెనకనుంచి.’ ఈ నాలుగు మాటలు చాలు. ఫొటో మసకగా ఉన్నా జతచేయండి. మసక ఫొటో కూడా ముక్కు రంగు చెబుతుంది.

పాత నోటుబుక్కులు ఎక్కించడం

పదేళ్ల నోటుబుక్కుల్ని ఒక్కో లిస్టుగా వెబ్‌లో కొట్టడం ఓపికున్నవాళ్ల పని. దానికి బదులు స్ప్రెడ్‌షీట్‌లో కొట్టుకుని, సీఎస్‌వీ ఫైలుగా (గడుల మధ్య కామాలుండే సాదా ఫైలు) ఈబర్డ్‌లోకి ఇంపోర్ట్ చేయవచ్చు. ఇందులో ‘రికార్డ్ ఫార్మాట్’ అనేది తేలిక. ఒక వరుసకు ఒక జాతి, మొత్తం 19 నిలువు గడులు, ఈ క్రమంలో: మామూలు పేరు, ప్రజాతి, జాతి, సంఖ్య, జాతి వ్యాఖ్య, స్థలం పేరు, అక్షాంశం, రేఖాంశం, తేదీ, మొదలైన సమయం, రాష్ట్రం కోడ్, దేశం కోడ్, పద్ధతి, పరిశీలకుల సంఖ్య, నిమిషాలు, అన్నీ రాశారా, దూరం, విస్తీర్ణం, లిస్టు వ్యాఖ్య. అవసరం లేని గడి ఖాళీగా ఉండొచ్చు, కానీ గడి మాత్రం ఉండాలి. మామూలు పేరు ఇస్తే ప్రజాతి, జాతి గడులు వదిలేయవచ్చు.

పేర్లున్న శీర్షిక వరుస మీ పని ఫైలులో ఉంచుకోండి, పంపే కాపీలో తీసేయండి. లేకపోతే ‘మామూలు పేరు’ అనే పక్షిని గుర్తించలేకపోయామని ఈబర్డ్ ఫిర్యాదు చేస్తుంది.

తేదీ ఇక్కడ పెద్ద ప్రమాదం. ఈ ఫైలులో ముందు నెల, తర్వాత రోజు, ఆపైన ఏడాది. 2016 మార్చి 5 అంటే 03/05/2016. మన అలవాటు ప్రకారం 05/03/2016 అని కొడితే అది నిశ్శబ్దంగా మే 3 అవుతుంది, శీతాకాలపు బాతులు ఎండాకాలంలో తేలతాయి. 13 నుంచి 31 మధ్య రోజులున్న వరుసలు మాత్రమే తప్పని వెనక్కొచ్చాయంటే తేదీలు తారుమారయ్యాయని అర్థం. వెనక్కి రానివి కూడా తప్పే, అవి పట్టుబడలేదంతే. అందుకే పని ఫైలులో తేదీని ఎప్పుడూ 2016-03-05 అని ఏడాది, నెల, రోజు క్రమంలో కొట్టండి. ఏ కంప్యూటరూ దీన్ని వేరేగా చదవదు. పంపే కాపీలో మాత్రం ఆ నిలువు గడి ఫార్మాట్ మార్చుకోండి.

దూరం మైళ్లలో అడుగుతుంది. కిలోమీటర్లను 0.62తో గుణించండి, 3 కిలోమీటర్లు 1.86 అవుతాయి. మర్చిపోతే మీ నడకలన్నీ ఒకటిన్నర రెట్లకు పైగా సాగిపోతాయి. విస్తీర్ణం ఎకరాల్లో, అది ఖాళీగా వదిలేసినా ఫర్వాలేదు.

అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో రాయండి. ఫోన్ మ్యాప్‌లో చోటు మీద వేలు నొక్కిపెడితే వస్తాయి. దశాంశం తర్వాత నాలుగు అంకెలుంటే సుమారు 11 మీటర్ల ఖచ్చితత్వం, మూడుంటే 110 మీటర్లు. నాలుగు చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అక్షాంశం 12, 20 మధ్య, రేఖాంశం 76, 85 మధ్య ఉంటుంది. క్యాల్క్‌లో డేటా మెనూలోని వాలిడిటీకి వెళ్లి ఈ హద్దులు పెట్టండి. అవి తారుమారైతే మీ కొల్లేటి గూడబాతులు నార్వేకి ఉత్తరాన మంచు సముద్రంలో వాలతాయి.

ఒకే స్థలం, ఒకే తేదీ, ఒకే ప్రారంభ సమయం ఉన్న వరుసలన్నీ ఒకే లిస్టుగా కలుస్తాయి. వాటిలో నిమిషాలు, దూరం, ‘అన్నీ రాశారా’ జవాబు ప్రతి వరుసలోనూ ఒకేలా ఉండాలి. ఇక్కడ క్యాల్క్‌లో ఒక వల ఉంది: గడి మూల పట్టుకుని కిందికి లాగితే 60 నిమిషాలు 61, 62, 63 అవుతూ పోతాయి. కంట్రోల్ నొక్కిపెట్టి లాగండి, ఉన్నది ఉన్నట్టే దిగుతుంది.

దేశం కోడ్ ఇంగ్లీషులో ఐ, ఎన్. రాష్ట్రం కోడ్ రెండక్షరాలు. అనుమానముంటే ఈబర్డ్‌లో మీ రాష్ట్రం పేజీ తెరిచి పైన చిరునామాలో చివర ఏముందో చూడండి. వ్యాఖ్యల్లో ఎంటర్ నొక్కి కొత్త లైన్లు చేయకండి, జంట కొటేషన్ గుర్తులు వాడకండి. రెండూ గడుల్ని చెదరగొడతాయి. ఫైలు 1 ఎంబీ దాటితే తీసుకోదు, ఏడాదికొక ఫైలు చేస్తే సరి.

మొదటిసారి మొత్తం పంపకండి. మూడు లిస్టులున్న చిన్న ఫైలు పంపి, స్థలం, తేదీ, దూరం సరిగ్గా పడ్డాయో మీ లిస్టుల్లో తెరిచి చూడండి. మూడు చెరపడం తేలిక, మూడు వందలు చెరపడం శిక్ష.

పేర్లు తప్పకుండా కొట్టడానికి చిట్కా

రెండో షీట్‌లో మీరు చూసే జాతుల పట్టిక చేయండి: శాస్త్రీయ నామం, ఇంగ్లీషు పేరు, తెలుగు పేరు, మూడు గడులు. తొలి షీట్‌లో పేరు గడికి వాలిడిటీ పెట్టి, సెల్ రేంజ్ అని ఎంచుకుని ఆ పట్టికను చూపండి. ఇక పేరు టైపు చేయడం ఉండదు, జాబితాలోంచి ఎంచుకోవడమే. తెలుగు పేరు వీలుకప్ ఫంక్షన్‌తో దానంతటదే పక్క గడిలో పడుతుంది.

తెలుగులో చేత్తో కొడితే ఇది మరీ అవసరం. ‘పాలపిట్ట’, ‘పాల పిట్ట’ కంప్యూటర్‌కు రెండు పక్షులు. ‘ఎర్రకాళ్ళ’, ‘ఎర్రకాళ్ల’ కూడా అంతే. కొన్ని కీబోర్డులు అక్షరాల మధ్య కంటికి కనిపించని గుర్తులు చొప్పిస్తాయి. తెరమీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉన్నా లెక్కలో విడిపోతాయి. పేరు చివర మిగిలిన ఖాళీ కూడా ఇదే పని చేస్తుంది, దానికి ట్రిమ్ ఫంక్షన్ మందు.

మీ డేటా మీ కంప్యూటర్‌లోకి

ఈబర్డ్‌లో ‘డౌన్‌లోడ్ మై డేటా’ అడిగితే మీ రికార్డులన్నీ సీఎస్‌వీగా వస్తాయి. నెలకోసారి దించుకుని, ఫైలు పేరులో తేదీ వేసి దాచండి. ఈ ఫైలులో తేదీ ఏడాది ముందుగా, దూరం కిలోమీటర్లలో ఉంటాయి. అంటే ఇంపోర్ట్ ఫైలుకు సరిగ్గా ఎదురు. దించిన ఫైలునే తిరిగి ఎక్కించాలనుకోకండి.

తెరిచేటప్పుడు క్యాల్క్ ఒక పెట్టె చూపిస్తుంది. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8, సెపరేటర్ కామా అని పెట్టండి. తేదీ గడి మీద నొక్కి రకం ‘డేట్ (వైఎమ్‌డీ)’ చేయండి. ఎక్సెల్‌లో అయితే ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరవకండి. మీరు రాసిన తెలుగు వ్యాఖ్యలు పిచ్చి గుర్తులుగా మారే అవకాశముంది. డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తీసుకోండి. తెరిచాక వెంటనే ఓడీఎస్ లేదా ఎక్సెల్ ఫైలుగా వేరే పేరుతో సేవ్ చేసి దానిమీదే పనిచేయండి. మూల ఫైలును ముట్టుకోవద్దు.

ఇక లెక్క. ఇన్సర్ట్ మెనూలో పివట్ టేబుల్ (వరుసల్ని కూడి చూపే పట్టిక) ఎంచుకుని, అడ్డు వరుసల్లో పక్షి పేరు, నిలువు గడుల్లో నెల వేయండి. తేదీ నుంచి నెల రావడానికి మంత్ ఫంక్షన్‌తో ముందే ఒక గడి చేసుకోవాలి. లోపల సంఖ్యల మొత్తం వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దు. జనవరిలో పదిసార్లు, జూన్‌లో ఒకసారి వెళ్లినవాళ్లకు ప్రతి పక్షీ జనవరిలోనే ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. పైగా ఎక్స్ పెట్టిన చోట్లు మొత్తంలో కలవవు.

మొత్తం బదులు తరచుదనం చూడండి. జనవరిలో 12 పూర్తి లిస్టులుంటే, తేనెపిట్ట 9లో ఉంటే, 75 శాతం. దీనికి రెండు అంకెలు కావాలి. పైది: ఆ జాతి, ఆ నెల, ‘ఆల్ అబ్స్ రిపోర్టెడ్’ 1 ఉన్న వరుసలు ఎన్ని, కౌంటిఫ్స్ ఫంక్షన్ చెబుతుంది. కిందిది: ఆ నెలలో పూర్తి లిస్టులు ఎన్ని. ప్రతి లిస్టుకు ‘సబ్మిషన్ ఐడీ’ ఉంటుంది. ఐడీ, నెల, ఆ 1 ఉన్న గడుల్ని వేరే షీట్‌కు కాపీ చేసి, స్టాండర్డ్ ఫిల్టర్‌లో ‘నో డూప్లికేషన్స్’ టిక్ పెట్టి లెక్కించండి. నెలకు కనీసం పది లిస్టులైనా లేకపోతే ఆ శాతాన్ని పట్టించుకోకండి. రెండు లిస్టుల్లో ఒకదాంట్లో ఉంటే 50 శాతం అనడం గణితమే గానీ సమాచారం కాదు.

ఒకే లిస్టులో ఒక జాతి రెండు వరుసల్లో రావడమూ జరుగుతుంది. ‘రాక్ పీజియన్’, ‘రాక్ పీజియన్ (ఫెరల్ పీజియన్)’ అని రెండుగా కొట్టి ఉంటారు. శాస్త్రీయ నామంలో మొదటి రెండు మాటల్నే వేరే గడిలోకి తీసుకుని, లిస్టుకొకసారే లెక్కించండి.

మ్యాప్ మీద చూడాలంటే క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉంది. ‘డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్’తో అదే సీఎస్‌వీ తెరవండి. ఎక్స్ గడికి రేఖాంశం, వై గడికి అక్షాంశం. అందరూ ఒకసారైనా తిరగేసి ఇస్తారు. కోఆర్డినేట్ పద్ధతి ఈపీఎస్‌జీ 4326. స్ప్రెడ్‌షీట్ గొడవే వద్దు, జీవితకాల జాబితా, జిల్లాల జాబితా చాలు అనుకునేవాళ్లకు సైథ్‌బిల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈబర్డ్ ఫైలును నేరుగా తీసుకుంటుంది.

పేర్లు మారినప్పుడు

ఏడాదికోసారి, సాధారణంగా అక్టోబర్ ప్రాంతంలో, ఈబర్డ్ తన జాతుల పట్టికను సవరిస్తుంది. గేదెల వెంట తిరిగే కొంగ ఇన్నాళ్లూ కాటిల్ ఈగ్రెట్. ఈ మధ్య దాన్ని రెండు జాతులుగా విడదీశారు, మనది ఈస్టర్న్ కాటిల్-ఈగ్రెట్ అయింది. ఈబర్డ్‌లో మీ పాత లిస్టులు వాటంతటవే మారిపోతాయి. మీ షీట్ మారదు. పాత డౌన్‌లోడ్‌కు కొత్త నెల వరుసలు కిందన అతికిస్తూ పోతే ఆ ఏడాది నుంచి ఒక కొంగ మాయమై ఇంకో కొంగ పుట్టినట్టు కనిపిస్తుంది. అతికించకండి, ప్రతిసారీ మొత్తం ఫైలే కొత్తగా దించండి. మీ పేర్ల పట్టికలో మాత్రం కొత్త పేరు కలిపి, పాతది పక్క గడిలో ఉంచుకోండి.

ఫొటోలు, కూతలు

ఫొటో ఫైలు పేరు తేదీతో మొదలైతే కంప్యూటర్ వాటిని దానంతటదే క్రమంలో పెడుతుంది: ఏడాది-నెల-రోజు, సమయం, చోటు, పక్షి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, కొన్ని పాత పరికరాలు తెలుగు ఫైలు పేర్లను చదవలేవు. కెమెరా టైము తప్పితే డిజీక్యామ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్‌లో ఆ రోజు ఫొటోలన్నీ ఎంచుకుని ‘అడ్జస్ట్ టైమ్ అండ్ డేట్’తో ఒకేసారి జరపవచ్చు. తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలుంటే కెమెరా గ్రీన్‌విచ్ టైములో ఉందన్నమాట. పక్షి పేరు ట్యాగ్‌ను ఫొటో ఫైలులోనే రాసేలా సెట్టింగ్ పెట్టండి. లేకపోతే ట్యాగులు డిజీక్యామ్ డేటాబేస్‌లోనే ఉండి, ఫొటోలు వేరే కంప్యూటర్‌కు వెళ్లగానే పోతాయి.

కూతలు వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఎంపీ3 సన్నని పై స్వరాల్ని కోసేస్తుంది. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కూతకు ముందూ వెనకా 3 సెకన్లు వదిలి కత్తిరించండి, నార్మలైజ్‌లో మైనస్ 3 డెసిబెల్స్ పెట్టండి. నాయిస్ రిడక్షన్ జోలికి పోవద్దు. అది రొదతో పాటు కూతలో కొంత భాగాన్నీ తినేస్తుంది.

బయటికి చెప్పకూడనివి

ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల ఖచ్చితమైన చోటును ఈబర్డ్ అందరికీ చూపించదు. మీ స్ప్రెడ్‌షీట్‌కు ఆ జాగ్రత్త తెలియదు. వాట్సాప్ గ్రూపులో పెట్టే షీట్‌లో కలివికోడి, బట్టమేక, గుడ్లగూబ గూళ్లు లాంటివి ఉంటే పంపే కాపీలో అక్షాంశ రేఖాంశాలు తీసేసి జిల్లా పేరు మాత్రం ఉంచండి. గడిని దాచేస్తే చాలదు, తెలిసినవాళ్లు ఒక్క నొక్కుతో మళ్లీ తెరుస్తారు. ఫొటో లోపల కూడా చోటు వివరం ఉంటుంది. ఫోన్‌తో తీసినదైతే పంపే ముందు లొకేషన్ తొలగించండి.

ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి: కంప్యూటర్‌లో, బయటి డిస్కులో, ఇంటికి దూరంగా ఏదైనా క్లౌడ్‌లో. నోటుబుక్కు పేజీలనూ ఫోన్‌తో ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఎక్కించేటప్పుడు 7ను 1గా చదివారేమో అని అనుమానం వస్తే తేల్చుకోవడానికి ఆ పేజీయే దిక్కు.